పెళ్లి కాగితం లేకపోతే...?

పందిరి వేసినవాళ్లు లేరు. మంత్రాలు చదివిన పురోహితుడు లేడు. అక్షింతలు వేసిన పెద్దలు ఎప్పుడో పోయారు. ఇప్పుడెవరో వచ్చి ‘అసలు మీకు పెళ్లయిందని రుజువేంటి?’ అని నిలదీస్తే ఆ ఇల్లాలు ఏం చెప్పాలి?

ఇలాంటి ప్రశ్నే 1978లో బద్రీప్రసాద్ కేసు రూపంలో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. సుమారు యాభై ఏళ్లు భార్యాభర్తలుగా బతికిన జంటకి అసలు పెళ్లే కాలేదన్నది ఎదుటివాళ్ల వాదన. జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ ఆ వాదనని కొట్టేశారు. అర్ధశతాబ్దం తర్వాత పురోహితుణ్నీ సాక్షుల్నీ తెమ్మంటే నెగ్గేవాళ్లు ఎందరుంటారన్నారు. ఓ జంట చాలాకాలం ఆలుమగలుగా కలిసి ఉంటే పెళ్లయినట్లే భావించాలి. కాదన్నవాళ్లే ఆ సంగతి నిరూపించాలి.

2022లో కేరళకు చెందిన ఓ ఆస్తి కేసులోనూ సుప్రీంకోర్టు అదే మాట చెప్పింది. పెళ్లికి ఆధారం లేదంటూ హైకోర్టు కాదన్న వాటా కొడుక్కి దక్కింది. ఆ ధర్మాసనంలో ఉన్న జస్టిస్ అబ్దుల్ నజీర్ 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నరయ్యారు.

అందరికీ వర్తిస్తుందా?

వర్తించదు. ఇద్దరిలో ఒకరికి అప్పటికే పెళ్లయి భర్తో భార్యో ఉంటే చిక్కే. గృహహింస చట్టం పెళ్లిలాంటి బంధంలో ఉన్న స్త్రీకీ రక్షణ కల్పిస్తోంది. కానీ దానికీ షరతులున్నాయని 2010లో వేలుసామి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇద్దరికీ పెళ్లీడు రావాలి, పెళ్లికి చట్టపరమైన అడ్డంకి ఉండకూడదు, నలుగురిలో దంపతుల్లా మెలగాలి, ఇష్టపూర్వకంగా చెప్పుకోదగ్గంత కాలం కలిసి బతకాలి. వారాంతాల్లో కలుసుకోవడం లెక్కలోకి రాదు.

ఇప్పుడేం చేయొచ్చు?

కోర్టు మెట్లెక్కితే న్యాయం జరగొచ్చు. కానీ దానికి ఏళ్లు పడుతుంది. అంతదాకా రాకుండా చూసుకోవడమే మేలు. పెళ్లి జరిగినా నమోదు చేయించనివాళ్లు ఇప్పుడైనా చేయించుకోవచ్చు. ఏ తంతూ లేకుండా కలిసి ఉంటున్నవాళ్లకి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. నోటీసిచ్చి 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. రేషన్ కార్డు, ఓటర్ల జాబితా, పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు నామినీ... అన్నిట్లోనూ పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి.

ఆయన ఉన్నన్నాళ్లూ ఆమెని ‘నువ్వెవరు?’ అని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న ఆయన పోయాకే వస్తుంది. జవాబు మాత్రం ఇద్దరూ ఉండగానే రాసి పెట్టుకోవాలి.