ఇది కల అని కలలోనే తెలియాలంటే

పోయిన తాతయ్య అరుగు మీద కూర్చుని పేపరు చదువుతుంటాడు. మనం వెళ్లి పలకరిస్తాం. ఆయన పోయి పదేళ్లయిందన్న సంగతి ఆ క్షణంలో తట్టదు. చదువు ముగిసి ఎన్నేళ్లయినా హాల్‌టికెట్ మర్చిపోయి పరీక్షకు పరుగెత్తుతుంటాం. నాకిప్పుడు పరీక్షేమిటన్న ప్రశ్నే పుట్టదు. కలలో మనకు కొరవడేది ముఖ్యంగా జ్ఞాపకం. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే లూసిడ్ డ్రీమింగ్ నేర్చుకోవాలనుకునేవాళ్లకు దారి చాలావరకు దొరికినట్టే.

కల కంటూనే, ఇది కల అని తెలుసుకోవడమే లూసిడ్ డ్రీమ్. ఆకాశంలో ఎగరడం, కథను మనకు కావలసినట్టు తిప్పుకోవడం తర్వాతి మాట. అనేక సర్వేలను కలిపి 2016లో లెక్క కడితే, 55 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇలాంటి కల వచ్చిందని తేలింది. మీకూ చిన్నప్పుడెప్పుడో వచ్చే ఉండొచ్చు.

టిబెట్ బౌద్ధులు శతాబ్దాలుగా దీన్ని సాధనగా చేస్తున్నారు. డచ్చి మనోవైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ 1913లోనే తన కలల గురించి వ్యాసం రాశాడు. అయినా శాస్త్రవేత్తలు చాలాకాలం నమ్మలేదు. మధ్యలో కాసేపు మెలకువ వచ్చి ఉంటుంది, దాన్నే కల అనుకుంటున్నారు అన్నారు. ఆ అనుమానం తీరిన తీరు ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఆశ్చర్యమే. కలలు జోరుగా వచ్చే రెమ్ నిద్రలో ఒంట్లోని కండరాలు దాదాపుగా పట్టు వదిలేస్తాయి. కళ్లు మాత్రం కదులుతాయి. ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ దీన్నే ఆసరా చేసుకున్నాడు. కలలో ఉన్నట్టు తెలియగానే కళ్లను ఎడమకూ కుడికీ వరుసగా తిప్పమని అలన్ వర్స్లీకి ముందే చెప్పి పడుకోబెట్టాడు. 1975 ఏప్రిల్‌లో ఆ సైగ యంత్రం కాగితం మీద గీతలుగా పడింది. మనిషి నిద్రలోనే ఉన్నాడని పక్క గీతలు చెబుతున్నాయి. ఆ సంగతి తెలియకుండానే అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకుడు స్టీఫెన్ లాబెర్జ్ ఇదే పద్ధతిలో రుజువు సంపాదించి 1981లో ప్రచురించాడు. 2021లో నాలుగు దేశాల ప్రయోగశాలలు ఇంకా ముందుకెళ్లాయి. ఎనిమిదిలోంచి ఆరు తీసేస్తే ఎంత అని నిద్రపోతున్న యువకుడిని అడిగితే, కలలోంచే కళ్లు రెండుసార్లు తిప్పి జవాబిచ్చాడు. ఆ ప్రయోగాల్లో సరైన జవాబులు అయిదింట ఒకటికన్నా తక్కువే. అయినా నిద్రలో ఉన్న మనిషి లెక్క విని బదులివ్వగలడని తేలిపోయింది.

ఇక సాధన. ముందు కలలు గుర్తుండాలి. గుర్తులేని కలలో ఎంత తెలివిగా ఉన్నా లాభమేముంది? తలగడ పక్కన నోటుపుస్తకం పెట్టుకోండి. మెలకువ రాగానే ఫోను అందుకోకుండా, పక్క మీద కదలకుండా, ఇప్పటిదాకా ఎక్కడున్నాను అని మిమ్మల్ని మీరే అడగండి. దొరికిన ముక్కే రాయండి. కొన్నాళ్లకు అవే చోట్లు, అవే మనుషులు మళ్లీ మళ్లీ రావడం కనిపిస్తుంది. అవే మీ కలల గుర్తులు.

కలలోనూ అలవాటుగా చేసేందుకు, పగలే చేసే పరీక్ష ఇంకొకటి ఉంది. ముక్కు మూసుకుని గాలి పీల్చి చూడండి. మెలకువలో ఆడదు, కలలో తరచుగా ఆడుతుంది. లేదా ఏదైనా బోర్డు చదివి, చూపు తిప్పి మళ్లీ చదవండి. కలలో అక్షరాలు సాధారణంగా మారిపోతాయి. అయితే ఇది మొక్కుబడిగా చేస్తే వృథా. ఇది కలేనేమో అని మనస్ఫూర్తిగా అనుమానించాలి.

అన్నిటికన్నా పనికొచ్చేది లాబెర్జ్ రూపొందించిన జ్ఞాపకం పద్ధతి. మందుల షాపు కనబడగానే అమ్మకు మాత్రలు కొనాలి అని ఇంట్లోనే అనుకుని బయలుదేరతాం చూడండి, అదే శక్తిని ఇక్కడ వాడుకోవాలి. నిద్రపోయిన అయిదు గంటలకు అలారంతో లేచి, అప్పుడే వచ్చిన కలను గుర్తు చేసుకోవాలి. తర్వాత కల వచ్చినప్పుడు, అది కల అని గుర్తుంచుకుంటాను అని అర్థం తెలిసి అనుకోవాలి. ఆ కలలోకే తిరిగి వెళ్లి, ఈసారి పోల్చుకున్నట్టు ఊహించుకుంటూ నిద్రలోకి జారాలి. తెల్లవారుజామునే ఎందుకంటే, సుమారు 90 నిమిషాలకోసారి వచ్చే రెమ్ నిద్ర తెల్లారేకొద్దీ సాగుతుంది. తెల్లవారుజాము కలలు నిజమవుతాయో లేదో కానీ, నిడివి గలవి మాత్రం అవే. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయం 2017లో ప్రచురించిన అధ్యయనంలో పగటి పరీక్షనూ, ఈ మెలకువనూ, ఈ సంకల్పాన్నీ కలిపి చేసినవాళ్లకు వారంలో 17 శాతం ప్రయత్నాలు ఫలించాయి. సంకల్పం ముగిశాక అయిదు నిమిషాల్లోపే నిద్రపోయినప్పుడు ఆ ఫలితం దాదాపు 46 శాతానికి చేరింది.

మొదటిసారి తెలిసినప్పుడు చాలామంది సంబరంతో మేలుకుంటారు. కలలోనే రెండు చేతులూ రుద్దుకోమని, లేదా గిర్రున తిరగమని లాబెర్జ్ సలహా. కల నిలబడుతుంది.

తెల్లవారుజాము అలారం రోజూ పెట్టకండి. మర్నాడు సెలవున్న రాత్రులకే పరిమితం చేయండి. నిద్రను తెగ్గొట్టుకుని ఏ కల కన్నా నష్టమేనని నా గట్టి అభిప్రాయం. ఇలా లేచి పడుకున్నప్పుడు ఒక్కోసారి కాళ్లూ చేతులూ కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించవచ్చు. దెయ్యం కాదు, రెమ్ నిద్రలోని ఆ కండరాల సడలింపే మెలకువలోకి కాసేపు పాకింది. నిదానంగా ఊపిరి తీసుకుంటే పోతుంది. లేని మాటలు వినిపించడం, వాస్తవానికీ భ్రమకూ తేడా తెలియకపోవడం లాంటి మానసిక సమస్యలు ఉన్నవాళ్లు ఈ సాధన జోలికి వెళ్లకూడదు. గాలంటమైన్ అనే అల్జీమర్స్ మందు ఈ కలలను పెంచుతుందని చదివి కొనుక్కునేవాళ్లున్నారు. డాక్టరు చెప్పకుండా దాన్ని ముట్టుకోవద్దు.

పీడకలలతో బాధపడేవాళ్లకు ఈ విద్య మీద నాకు ఎక్కువ ఆశ. తరుముకొచ్చేవాడి నుంచి పారిపోకుండా ఆగి, నువ్వెవరు, నాతో ఏం పని అని కలలోనే అడగమని జర్మన్ మనస్తత్వవేత్త పాల్ థోలీ చెప్పేవాడు. చిన్న అధ్యయనాల్లో ఇలాంటి చికిత్సతో పీడకలలు తగ్గాయి. రాత్రి మళ్లీ అదే కల వస్తుందేమోనని పడుకోవడానికే భయపడేవాళ్లు, నిద్రావైద్యుడితో మాట్లాడేటప్పుడు దీని గురించీ అడగవచ్చు.