ఒంగోలు మిషన్ కరువు సహాయం (1876-78)

ఒంగోలు మిషన్ కరువు సహాయం అనగా 1876-78 నాటి మహాక్షామంలో, అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ తరఫున జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు ప్రాంతంలో నిర్వహించిన సహాయ కార్యక్రమం. ఇందులో ముఖ్యమైనది బకింగ్‌హాం కాలువ తవ్వకం. కరువు తీరిన వెంటనే వేలాదిమంది బాప్తిస్మం పొందడం వలన ఈ ఘటన ఆంధ్ర దేశ క్రైస్తవ చరిత్రలో ప్రసిద్ధి చెందింది, చర్చనీయాంశం కూడా అయింది.

నేపథ్యం

అమెరికాలోని బోస్టన్ కేంద్రంగా పనిచేసిన బాప్టిస్టు మిషనరీ సంఘం 1835లో తెలుగువారి కొరకు శామ్యూల్ డేను పంపింది. 1840లో నెల్లూరు ఈ మిషన్‌కు కేంద్రమయింది. ఏళ్ళ తరబడి చేరినవారు బహు కొద్దిమంది. అందువలన దీనిని మూసివేయాలన్న ఆలోచన కూడా వచ్చింది. 1865లో నెల్లూరు చేరిన క్లౌ మరుసటి సంవత్సరం ఒంగోలులో స్థిరపడ్డాడు. 1866లోనే ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. ఆయన ద్వారా మాదిగపల్లెలలో ఈ మతం వ్యాపించింది. కరువుకు ముందే సంఘంలో సుమారు మూడు వేలమంది ఉండేవారు.

ధాత కరువు

తెలుగువారు ఈ క్షామాన్ని ధాత నామ సంవత్సరం పేరుతో ధాత కరువు అంటారు. 1876లో వర్షాలు లేక మెట్ట పంటలు ఎండిపోయాయి. నందన నామ సంవత్సరపు డొక్కల కరువు (1832-33) అనుభవం తరువాత, 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. కాలువ నీరందిన డెల్టా పల్లెలలో ఈసారి పంట నిలిచింది. ఆ నీరు అందని ఒంగోలు తాలూకా (అప్పట్లో నెల్లూరు జిల్లా) మాత్రం కరువు వాత పడింది. భూమి లేక కూలిపై బ్రతికే దళితులు మొదట దెబ్బతిన్నారు. కరువు పనుల్లో కూలీని కూడా 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సలహాపై తగ్గించారు.

కాలువ పని

మద్రాసు నుండి ఉత్తరంగా వచ్చే ఉప్పునీటి కాలువను కృష్ణా డెల్టా కాలువలతో కలిపే పనిని ప్రభుత్వం కరువు పనిగా చేపట్టింది. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరే దానికి స్థిరపడింది. ఈ కాలువ పెదగంజాం వద్ద కొమ్మమూరు కాలువతో కలుస్తుంది. యువకుడిగా అమెరికాలో భూముల సర్వే పని చేసిన క్లౌ, ఇందులో మూడున్నర మైళ్ళ భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మిషన్‌లోని తెలుగు బోధకులు మేస్త్రీలుగా పనిచేశారు. క్రైస్తవులతో పాటు ఇతరులు కూడా కూలికి వచ్చారు. విరామ సమయాల్లో బోధకులు వారి మధ్య కూర్చుని మాట్లాడేవారు. ఎక్కడెక్కడి పల్లెలవారో ఒకచోట చేరడం వలన బోధకుల మాటలు దూరప్రాంతాలకు వెళ్ళాయి.

బాప్తిస్మాల నిలుపుదల

పనికి వచ్చినవారిలో అనేకులు మతంలో చేర్చుకొమ్మని అడిగారు. అయితే కూలి కోసం, గింజల కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని క్లౌ సుమారు 15 నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. 1878లో వర్షాలు కురిసి సహాయం ముగిసింది. ఇక పంచడానికి డబ్బు లేదని తెలియజేసిన తరువాతనే బాప్తిస్మాలు తిరిగి మొదలయ్యాయి.

వెల్లంపల్లి

ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి ఇందుకు వేదికయింది. 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం 3,536 మంది బాప్తిస్మం పొందారు. జూలై 3న బాప్తిస్మాలు ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒకేసారి ఇద్దరు నదిలో నిలబడేవారు. వారు అలసిపోతే మరో ఇద్దరు దిగేవారు. క్లౌ ఆ రోజు స్వయంగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ సంవత్సరాంతానికి ఈ సంఖ్య 9,606కు చేరింది.

అభిప్రాయ భేదాలు

ఇంతమంది చేరిక విశ్వాసం వలననా, ఆకలి వలననా అన్న ప్రశ్న అప్పటి నుండి ఉంది. తిండి పెట్టిన చేతికి ప్రజలు సహజంగానే కృతజ్ఞులవుతారు కనుక, సహాయం ఆగిపోయినంత మాత్రాన దాని ప్రభావం తొలగిపోదని విమర్శకుల వాదన. సహాయం ముగిశాకనే వారు వచ్చారనీ, కరువుకు పూర్వమే పల్లెలకు పల్లెలు ఇటు మొగ్గు చూపాయనీ సమర్థకుల వాదన. రెండు వాదనలూ తరచు మరచే విషయం ఒకటుంది. అంటరానితనం అనుభవిస్తున్నవారికి తమవారే మేస్త్రీలుగా ఉన్న పనిచోటు, తమ పిల్లలకు చదువు చెప్పే బడి గింజలకన్న తక్కువవి కావు. వారు ఒంటరిగా కాక కుటుంబాలుగా, పల్లెలుగా చేరడానికి ఇదొక కారణం.

తరువాతి కాలం

ఒంగోలు సంఘం ప్రపంచంలోని అతి పెద్ద బాప్టిస్టు సంఘాలలో ఒకటిగా పేరు పొందింది. క్లౌ 1910లో అమెరికాలో మరణించాడు. ఆయన భార్య ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ సమకూర్చిన ఆయన జీవితకథ 1914లో వెలువడింది. బకింగ్‌హాం కాలువలో పడవల రాకపోకలు ఇరవయ్యవ శతాబ్దంలో క్రమంగా క్షీణించాయి.