ఆటలో బండి, రోడ్డు మీద బండి

కంప్యూటర్ ముందు కూర్చుని మీరు ఎప్పుడైనా 'రోడ్ రాష్' ఆడారా? 1991లో మొదట వచ్చిన ఈ మోటారు సైకిళ్ల పందెం ఆటలో బండి కారును ఢీకొంటే మనిషి గాలిలోకి ఎగిరి ఎంతో దూరంలో పడతాడు. వెంటనే లేచి పరుగెత్తుకుంటూ బండి దగ్గరకు వస్తాడు, ఎక్కి మళ్లీ బయలుదేరతాడు. ఒకసారి నేను ఘర్షణ గురించి పాఠం చెబుతుంటే ఒక విద్యార్థి లేచి, "సార్, ఈ ఆటలు తయారుచేసేవాళ్లకు ఫిజిక్స్ రాదా?" అని అడిగాడు.

బాగానే వచ్చు. ఏ నియమాన్ని ఎంత సడలించాలో తెలియాలంటే ముందు ఆ నియమం తెలియాలి కదా!

మలుపునే తీసుకోండి. కారు మలుపు తిరగాలంటే లోపలి వైపుకు లాగే అభికేంద్ర బలం కావాలి. ఆ బలాన్ని ఇచ్చేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న ఘర్షణ ఒక్కటే. వేగ వర్గాన్ని మలుపు వ్యాసార్థంతో భాగిస్తే ఎంత త్వరణం కావాలో తెలుస్తుంది. గంటకు 72 కిలోమీటర్లు అంటే సెకనుకు 20 మీటర్లు. మలుపు వ్యాసార్థం 40 మీటర్లయితే, 400ను 40తో భాగించగా 10 వస్తుంది. ఇది గురుత్వ త్వరణం 9.8 కన్నా కాస్త ఎక్కువ. అంటే ఘర్షణ గుణకం 1కి మించి ఉండాలి. మామూలు కారు టైరుకు పొడి రోడ్డు మీద అది సుమారు 0.7 నుంచి 0.9 వరకు ఉంటుంది. కాబట్టి కారు జారిపోతుంది. వేగం రెట్టింపైతే కావలసిన బలం నాలుగు రెట్లు!

1986లో సెగా సంస్థ తెచ్చిన 'ఔట్ రన్'లో ఈ లెక్క పట్టించుకోరు. కారు పల్టీలు కొట్టినా మళ్లీ నిలబడి సాగిపోతుంది. అది నాణెం వేసి ఆడే యంత్రం. నాణెం వేసినవాడు మొదటి మలుపులోనే ఓడిపోతే రెండో నాణెం వేయడు.

దీనికి పూర్తిగా వ్యతిరేకం 1998 నాటి 'గ్రాండ్ ప్రి లెజెండ్స్'. 1967 నాటి పందెం కార్లను, వాటి సన్నటి టైర్లతో సహా, అందులో లెక్కకట్టి చూపారు. కొత్తగా ఆడేవారికి గిర్రున తిరగకుండా ఒక చుట్టు పూర్తి చేయడమే గగనం. ఇలాంటి ఆటలకు ప్రాణం టైరు గణితం. టైరు కొద్దిగా జారుతున్నప్పుడే దానికి పట్టు ఎక్కువ. ఆ జారుడు ఒక హద్దు దాటితే పట్టు తగ్గిపోతుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన పచేకా ఈ సంబంధానికి ఇచ్చిన సూత్రాన్ని ఇంజనీర్లు 'మేజిక్ ఫార్ములా' అంటారు.

లెక్క సరైనదైతే అనుభవం కూడా సరైనదేనా? కాదంటాను నేను. నిజమైన కారులో వెనక చక్రాలు జారడం మొదలైతే కంటికన్నా ముందు మీ నడుముకూ లోపలి చెవికీ తెలుస్తుంది. తెర ముందు కూర్చున్నవారికి ఉన్నవి కన్నూ, శబ్దం వినే చెవీ మాత్రమే. అందువల్ల అదే భౌతికశాస్త్రం బల్ల ముందు మరింత కష్టమవుతుంది. ఆటలో ఇచ్చే సడలింపు కొంతవరకు ఈ లోటును పూడ్చడానికే.

వాస్తవికమైన ఆట ఉపయోగం లేనిది కాదు. 'గ్రాన్ టురిస్మో' ఆటగాళ్లకు 2008లో పెట్టిన పోటీలో గెలిచిన స్పెయిన్ యువకుడు లూకాస్ ఓర్దోనెజ్, అసలు ట్రాక్ మీద శిక్షణ పొంది, 2011లో లెమాన్స్ 24 గంటల పందెంలో తన తరగతిలో రెండో స్థానం పొందాడు.

నాకు భయం కలిగించేది బ్రేకు. ఆటలో దానికి అలవాటుపడిన వేలు, కొత్తగా లైసెన్సు వచ్చాక బండి మీదకు వస్తుంది. 72 కిలోమీటర్ల వేగంలో ప్రమాదం చూసి బ్రేకు వేయడానికి ఒక సెకను పట్టిందనుకోండి, అప్పటికే 20 మీటర్లు పోయాయి. తర్వాత సెకనుకు 7 మీటర్ల చొప్పున వేగం తగ్గినా ఆగడానికి ఇంకో 28 మీటర్లు పైనే కావాలి. మొత్తం దూరం డజను కార్లు వరుసగా నిలిపినంత! వాన పడితే ఇంకా ఎక్కువ.

ఆ విద్యార్థికి నేను ఒక పని చెప్పాను, మీరూ చేయండి. ఆటలో గంటకు 108 కిలోమీటర్లు, అంటే సెకనుకు 30 మీటర్ల వేగం అందుకుని, పూర్తిగా బ్రేకు వేసి ఎన్ని సెకన్లలో ఆగుతుందో గడియారంతో చూడండి. మంచి టైర్లున్న నిజమైన కారుకు నాలుగు సెకన్ల వరకు పడుతుంది. మర్నాడు అతను తెచ్చిన అంకె ఒకటిన్నర. 30ని ఒకటిన్నరతో భాగించి బోర్డు మీద 20 అని రాశాం. దానికి ఘర్షణ గుణకం 2 ఉండాలి. మన వీధిలో తిరిగే ఏ బండికీ అలాంటి టైరు లేదు.