మైనస్ 2 ఎక్కడికి పోయింది?

రాత్రి పదకొండున్నరకి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. పంపింది మా పిన్ని కూతురు. ఇంటర్ అయిపోయింది, ఈఏపీసెట్ కోసం లాంగ్ టర్మ్ చదువుతోంది. రఫ్ పేపర్ మీద ఒక లెక్క, దాని కింద మెసేజ్: ‘అన్నయ్యా, కీ తప్పు కదా? రేపు సార్‌ని అడిగేస్తా. నువ్వోసారి చూసి చెప్పు.’

లెక్క ఇది (ఫోన్‌లో పవర్‌ని పైన రాయడం కష్టం కాబట్టి ^ గుర్తు వాడుతున్నా):

4^ఎక్స్ − 2 × 2^ఎక్స్ − 8 = 0. దీనికి ఎన్ని వాస్తవ మూలాలు?

చెల్లి ఆన్సర్ 2. కీలో ఉన్నది 1.

చూడగానే నవ్వొచ్చింది. ఇంటర్‌లో సరిగ్గా ఇలాంటి దానికే నేనూ 2 అని పెట్టి, కీ తప్పని రూమ్మేట్స్‌తో పందెం కాసి ఓడిపోయా. కాబట్టి తనని ఏమీ అనలేను.

మొదటి సగం తను చక్కగా చేసింది. ఎక్స్ పైన పవర్‌లో కూర్చుంటే దాన్ని నేరుగా పట్టుకోలేం. కానీ 4 అంటే 2 స్క్వేరే. అంటే 4^ఎక్స్ అనేది 2^ఎక్స్‌కి స్క్వేర్. 2^ఎక్స్‌ని వై అనుకుంటే, భయపెట్టిన ఆ ఘాతాంక సమీకరణం కాస్తా టెన్త్‌లో చూసిన వర్గ సమీకరణం అయిపోతుంది:

వై² − 2వై − 8 = 0
(వై − 4)(వై + 2) = 0

వై = 4 లేదా −2. రెండు విలువలొచ్చాయి కదా అని తను అక్కడే ఆగిపోయింది. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో సగం మ్యాథ్సే. ఒక్కోదానికి నిమిషం మీద ఏడున్నర సెకన్లు. ఎవరైనా అక్కడే ఆగుతారు.

కానీ అడిగింది వై గురించి కాదు, ఎక్స్ గురించి. వెనక్కి వెళ్లాలి. 2^ఎక్స్ = 4 అంటే ఎక్స్ = 2, బాగానే ఉంది. 2^ఎక్స్ = −2 సంగతేంటి? ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి చూడండి. ఎక్స్ చోట −1 పెడితే 0.5 వస్తుంది. −10 పెడితే 0.00098 దగ్గర్లో ఉంటుంది. ఎంత కిందికి వెళ్లినా సున్నాకి దగ్గరవుతుందే తప్ప సున్నా అవ్వదు, మైనస్ అసలే కాదు. అందుకే −2 దగ్గర ఏ ఎక్స్ దొరకదు. మిగిలింది ఒక్క మూలమే.

‘మరి వర్గ సమీకరణం −2 ఎందుకిచ్చింది?’ అంది చెల్లి. మంచి ప్రశ్న. వై అనే వేషం వేసింది మనం. ఆ వేషం వెనక ఉన్నది ఎప్పుడూ పాజిటివ్‌గానే ఉంటుందని వర్గ సమీకరణానికి తెలియదు, దానికి మనం చెప్పలేదు కూడా. ఓసారి నేను రాసిన కోడ్‌లోనూ ఇదే జరిగింది. ఒక టేబుల్‌లో క్వాంటిటీ సున్నా కన్నా ఎక్కువే ఉండాలనే రూల్ ఉంది. డేటాని వేరే టేబుల్‌లోకి మార్చినప్పుడు నంబర్లు వెళ్లాయి, రూల్ వెళ్లలేదు. టెస్టింగ్‌లో మైనస్ క్వాంటిటీ ఆర్డర్ ఒకటి దర్జాగా పాసైపోయింది.

తర్వాత అసలు సంగతి బయటపడింది. క్లాసులో ఒక షార్ట్‌కట్ చెప్పారట: వర్గ సమీకరణంలో చివరి సంఖ్య 2కి ఎన్నో పవరో చూస్తే చాలు, ఎక్స్ విలువల మొత్తం అదే. నిజమే. 4^ఎక్స్ − 10 × 2^ఎక్స్ + 16 = 0 తీసుకుంటే వై 2, 8 అవుతాయి, ఎక్స్ 1, 3. మొత్తం 4. 16 అంటే 2^4. వై విలువల్ని గుణిస్తే పవర్లు కూడతాయి కాబట్టి ఇది పనిచేస్తుంది. షార్ట్‌కట్ల మీద నాకు కోపమేం లేదు, కానీ ఎక్కడ పనిచేయదో చెప్పకుండా షార్ట్‌కట్ ఇవ్వడం మాత్రం నాకు నచ్చదు.

ఎందుకంటే 4^ఎక్స్ + 6 × 2^ఎక్స్ + 8 = 0 ఇచ్చారనుకోండి. చివర 8 ఉంది, షార్ట్‌కట్ ప్రకారం మొత్తం 3. ఆప్షన్లలో 3 తప్పకుండా ఉంటుంది! కానీ మూడు పాజిటివ్ సంఖ్యలు కూడితే సున్నా ఎలా వస్తుంది? దీనికి వాస్తవ మూలమే లేదు. పెన్ను ముట్టకుండా తేల్చేయొచ్చు.

అర్థమైందో లేదో చూద్దామని ఇంకోటి పంపా. నేను ఇంటర్ సెకండియర్‌లో చేసిన రకమే: 3^(1+ఎక్స్) + 3^(1−ఎక్స్) = 10. నాలుగు నిమిషాల్లో రిప్లై: ‘వై 3, 1/3 వచ్చాయి. ఎక్స్ 1, −1. మైనస్ వచ్చింది కాబట్టి −1 కొట్టేశా.’

తల పట్టుకున్నా. ‘ఆగరా! మైనస్ రాకూడనిది వైకి, ఎక్స్‌కి కాదు. 1/3 పాజిటివే కదా. −1 ఉండాల్సిందే.’

ఈ రెండో మూలాన్ని కొట్టేస్తే ఏం పోతుందో చూడాలంటే కిటికీలోంచి కరెంటు తీగ చూడండి. రెండు స్తంభాల మధ్య కిందికి వేలాడే ఆ వంపు పేరు కేటినరీ. అది ఏ వక్రమని 1690లో యాకోబ్ బెర్నూలీ అడిగితే, 1691లో ఆయన తమ్ముడు యోహాన్, లైబ్నిట్జ్, హైగెన్స్ ముగ్గురూ విడివిడిగా జవాబిచ్చారు. యూనిట్లు తగినట్టు ఎంచుకుంటే దాని ఎత్తు ఈ^ఎక్స్, ఈ^(−ఎక్స్) ల సగటు. ఆ ఎత్తు 2.5 ఎక్కడుందో వెతికితే వై² − 5వై + 1 = 0 వస్తుంది. వై సుమారు 4.79, 0.21. ఎక్స్ సుమారు 1.57, −1.57. తీగ అట్టడుగు బిందువుకి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. మైనస్‌ని కొట్టేస్తే సగం తీగ మాయం.

ఇదంతా వాయిస్ మెసేజ్‌లో చెప్పేసరికి పన్నెండున్నర దాటింది. చాలాసేపు బ్లూ టిక్ పడలేదు, నిద్రపోయిందనుకున్నా. పొద్దున లేచి చూస్తే ఒకే లైను: ‘సార్‌ని అడిగేది క్యాన్సిల్. ఇంకో మూడు లెక్కలున్నాయి, పంపనా?’