మౌనం ఎవరి ఖాతాలోకి? బెల్‌ఫాస్ట్ వీధి బోర్డులు, పోస్టు సర్వే, మన లెక్కలు

ఒక వీధికి ఇంగ్లీషులో పేరుంది. ఆ బోర్డు మీదే ఇంకో భాషలో కూడా ఆ పేరు రాయాలా, వద్దా? ఈ ప్రశ్నను ఆ వీధిలో ఉండేవాళ్ళందరికీ పోస్టులో పంపారు. సగానికి పైగా జనం రాయమన్నారు. ఒకరిద్దరు వద్దన్నారు. మిగతావాళ్ళు జవాబే ఇవ్వలేదు. ఈ జవాబివ్వనివాళ్ళను ఏ పక్షంలో కలపాలి?

పైకి ఇది మున్సిపల్ గుమాస్తా తేల్చుకోవాల్సిన చిన్న లెక్కలాగే కనిపిస్తుంది. కానీ ఉత్తర ఐర్లాండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లో ఏళ్ళ తరబడి భాషా రాజకీయం ఈ లెక్క చుట్టూ తిరిగింది. ఎక్కడో ఐర్లాండ్ గొడవ మనకెందుకని మిత్రులు అడగొచ్చు. అణగారినవాళ్ళ హక్కును మెజారిటీ అంగీకారానికి కట్టేసే పద్ధతి ఎట్లా పనిచేస్తుందో ఇంత తేటగా చూపించే ఉదాహరణ మాకు ఇంకోటి దొరకలేదు. అందుకే రాస్తున్నాం.

నిషేధం నుంచి అనుమతి దాకా

1921లో ఐర్లాండ్‌ను రెండు ముక్కలు చేశారు. ఉత్తరాన బ్రిటన్‌లోనే ఉండిపోయిన ముక్కలో బ్రిటన్‌తో ఉండాలనుకునే ప్రొటెస్టెంట్లు మెజారిటీ, ఐర్లాండ్‌తో కలవాలనుకునే కాథలిక్కులు మైనారిటీ. ఐరిష్ భాష మైనారిటీ గుర్తుగా ముద్రపడిపోయింది. 1949లో అక్కడి పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం వీధి బోర్డు ఇంగ్లీషులో తప్ప ఇంకే భాషలోనూ ఉండటానికి వీల్లేదు.

జనం ఊరుకోలేదు. 1969లో పశ్చిమ బెల్‌ఫాస్ట్‌లోని షాస్ రోడ్డులో కొన్ని కుటుంబాలు ఐరిష్‌లోనే బతకాలని పక్కపక్కనే ఇళ్ళు కట్టుకున్నాయి. 1971లో తమ పిల్లల కోసం ఐరిష్ మీడియం బడి పెట్టుకున్నాయి. ఆ తర్వాత ఏళ్ళలో చట్టం ఒప్పుకోకపోయినా తమ వీధులకు తామే ఐరిష్ బోర్డులు తగిలించుకున్నారు.

1995లో చట్టం మారింది. ఇంగ్లీషు పేరు ఉంచుతూనే ఇంకో భాషలో కూడా బోర్డు పెట్టే అధికారం స్థానిక కౌన్సిళ్ళకు వచ్చింది. ఐరిష్ ఒక్కటే కాదు, ఏ భాషైనా సరే. అయితే ఒక షరతు ఉంది. ఆ వీధిలో ఉండేవాళ్ళు వెలిబుచ్చిన అభిప్రాయాలను కౌన్సిల్ దృష్టిలో పెట్టుకోవాలి. చట్టం అన్నది ఇంతే. ఇంత శాతం ఒప్పుకోవాలని అనలేదు. జవాబివ్వనివాళ్ళు వద్దన్నట్టే అనీ అనలేదు. 'వెలిబుచ్చిన' అన్న మాటను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

లెక్కలో మెలిక

మిగతాది బెల్‌ఫాస్ట్ కౌన్సిల్ తన విధానంలో తానే రాసుకుంది. ముందు ఆ వీధి ఓటర్లలో మూడో వంతు మంది సంతకాలతో అర్జీ పెట్టాలి. తర్వాత కౌన్సిల్ ఓటర్ల జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరికీ పోస్టులో ఫారం పంపుతుంది. మొత్తం ఓటర్లలో మూడింట రెండు వంతుల మంది అవునంటేనే బోర్డు వస్తుంది. ఫారం తిరిగి పంపనివాళ్ళు అవునన్నవాళ్ళలోకి రారు. అంటే వద్దన్నవాళ్ళతో సమానం.

దీని పని తెలియడానికి మనమే ఒక వీధిని ఊహించుకుందాం. ఓటర్లు 90 మంది. 54 మంది అవునన్నారు, ఇద్దరు వద్దన్నారు, 34 మంది జవాబివ్వలేదు. జవాబిచ్చిన 56 మందిలో నూటికి 96 మంది అవునన్నట్టు. అయినా బోర్డు రాదు. కావాల్సింది 60, వచ్చింది 54. ఓడించింది ఎవరు? వద్దన్న ఆ ఇద్దరు కాదు. ఏమీ అనని 34 మంది. వాళ్ళలో ఇల్లు మారినవాళ్ళుండొచ్చు, జబ్బుపడ్డవాళ్ళుండొచ్చు, 'ఎట్లయినా సరే' అనుకున్నవాళ్ళుండొచ్చు, ఫారం బల్ల మీద పెట్టి మర్చిపోయినవాళ్ళుండొచ్చు. వీళ్ళందరినీ ఒకే గంపలో వేసి దానికి 'వద్దు' అని చీటీ అంటించారు.

చట్టం అడిగింది వెలిబుచ్చిన అభిప్రాయాన్ని. విధానం లెక్కపెట్టింది వెలిబుచ్చని అభిప్రాయాన్ని. ఆధిపత్యం ఎప్పుడూ కర్ర పట్టుకునే రాదు. ఒక్కోసారి శాతాల పట్టీలో ఒక గడిలా కూర్చుంటుంది.

ఐరిష్ భాషా కార్యకర్తలు దీని మీద ఏళ్ళ తరబడి కొట్లాడారు. 2022 జూలైలో కౌన్సిల్ కొత్త విధానం తెచ్చింది. ఇప్పుడు ఆ వీధిలో ఒక్కరు అడిగినా చాలు, లేదా ఒక కౌన్సిలర్ అడిగినా చాలు, సర్వే మొదలవుతుంది. ఫారం అందుకున్నవాళ్ళలో 15 శాతం మంది అవునంటే బోర్డు పెట్టొచ్చు. ప్రత్యేక పరిస్థితుల్లో వేరే నిర్ణయం తీసుకునే వీలు మాత్రం కౌన్సిల్ చేతిలోనే ఉంది. మన ఊహా వీధిలో ఇప్పుడు 14 మంది చాలు.

ఎదుటి వాదన

దీనికీ అభ్యంతరాలున్నాయి. వాటిని దాటేయడం నిజాయితీ కాదు. వద్దన్నవాళ్ళు అవునన్నవాళ్ళకంటే ఎక్కువున్న కొన్ని వీధుల్లో కూడా బోర్డు మంజూరైంది. ఇదేం ప్రజాస్వామ్యం అని అక్కడివాళ్ళు అడిగారు. కొందరికి ఐరిష్ బోర్డు అంటే భాష కాదు, 'ఈ వీధి ఇక మాది' అని ఎదుటిపక్షం పాతిన జెండా. దశాబ్దాల పాటు కాల్పులు, బాంబులు చూసిన ఊళ్ళో ఆ భయాన్ని ఎగతాళి చేయలేం. బోర్డుల మీద అక్షరాలను కోతమిషన్లతో గీకేసిన ఘటనలూ జరిగాయి.

అయినా ఒక తేడా గమనించాలి. బోర్డు వస్తే మెజారిటీ పోగొట్టుకునేది ఏమీ లేదు. ఇంగ్లీషు పేరు పైనే ఉంటుంది. బోర్డు రాకపోతే మాత్రం మైనారిటీకి తన వీధిలో తన భాష కనిపించదు. రెండు నష్టాలూ సమానం కావు. సమానం కానివాటిని ఒకే తక్కెడలో పెట్టి, ఎటు ఎక్కువమంది ఉంటే అటే న్యాయం అనడం కుదరదు. అంబేద్కర్ 1947లో 'రాష్ట్రాలు - మైనారిటీలు' అన్న పత్రంలో రాజకీయ మెజారిటీని, పుట్టుకతో వచ్చే మత మెజారిటీని విడదీసి చూపించింది ఈ విషయంలోనే. రాజకీయ మెజారిటీ ఎన్నికకూ ఎన్నికకూ మారుతుంది. పుట్టుకతో వచ్చే మెజారిటీ మారదు. మారని మెజారిటీ దగ్గరికి ప్రతిసారీ పోయి 'మా హక్కు ఇస్తారా' అని ఓటు అడగమంటే, అది అడుక్కోమనడమే.

మన దగ్గర

15 శాతం అన్న అంకె మనకు కొత్తది కాదు. రాష్ట్రాల పునర్విభజన జరిగిన 1956లో కేంద్రం తయారుచేసిన మెమొరాండం, ఒక ప్రాంత జనాభాలో భాషా మైనారిటీలు 15 నుంచి 20 శాతం ఉంటే ముఖ్యమైన ప్రభుత్వ నోటీసులను వాళ్ళ భాషలో కూడా వెయ్యాలంది. మహారాష్ట్ర అకోలా జిల్లా పాతూరు మున్సిపాలిటీ బోర్డు మీద మరాఠీ కింద ఉర్దూ ఉండటాన్ని ఒక మాజీ సభ్యురాలు కోర్టులో సవాలు చేస్తే, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ఉర్దూ ఉండొచ్చని తీర్పిచ్చింది. భాష మతం కాదని గుర్తుచేసింది. అక్కడ ఎవరూ పోస్టులో ఓట్లు అడగలేదు.

కోనసీమ సంగతి వేరు. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక, దళిత సంఘాల డిమాండు మీద ఆ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చాలని ప్రభుత్వం అనుకుంది. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ప్రకారం మే నెలలో నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలుంటే 30 రోజుల్లో చెప్పమంది. ఇక్కడ లెక్క బెల్‌ఫాస్ట్ పాత పద్ధతికి తలకిందులు. మౌనంగా ఉన్నవాడు ఒప్పుకున్నట్టు. కాగితం మీద ఇది మనకు అనుకూలమే. కానీ గడువు తీరక ముందే, మే 24న, అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. 'కోనసీమ' అన్న పేరును ఎవరూ తీసెయ్యలేదు. దాని ముందు ఇంకో పేరు చేరుతోంది, అంతే. వీధి బోర్డు మీద ఇంకో వరస చేరినట్టే. అదే ఏడాది పేరు ఖాయమైంది. నెల్లూరుకు 2008లో పొట్టి శ్రీరాములు పేరు, కడపకు 2010లో వైఎస్సార్ పేరు పెట్టినప్పుడు ఇళ్ళు తగలబడలేదు. గొడవ పేర్లు మార్చడం గురించి కాదు, ఎవరి పేరు అన్నదాని గురించి.

పోస్టులో వచ్చే ప్రశ్న

ఇంకో మాట. పోస్టు సర్వే అందరికీ ఒకటే ప్రశ్న పంపుతుంది కాబట్టి అందరినీ సమానంగా చూస్తుందని పరిశోధన పద్ధతుల పాఠాల్లో మాకు చెప్పారు. మేం వాడల నుంచి వచ్చినవాళ్ళం, మా ఇళ్ళల్లో మొదట డిగ్రీ చదివినవాళ్ళం. మా చిన్నప్పుడు సర్కారు ముద్ర ఉన్న కవరు ఇంటికొస్తే అమ్మ గుండె పట్టుకునేది. అప్పు నోటీసో, కోర్టు కాగితమో అయ్యుంటుందని భయం. చదివిపెట్టమని పక్కింటివాళ్ళూ మా దగ్గరికే తెచ్చేవాళ్ళు. 'వేలు పెట్టమంటే ఎందుకు పెట్టాలి, రేపేమవుద్దో' అని కాగితం చూరులో దోపేసినవాళ్ళను చూశాం. ఆ మౌనం వద్దనడమూ కాదు, ఒప్పుకోవడమూ కాదు. అది అనుభవం నేర్పిన జాగ్రత్త. దాన్ని ఏ గడిలో వేసినా అబద్ధమే అవుతుంది.

అందుకని రేపు మన వాడ పేరు గురించో, బోర్డు గురించో, విగ్రహం గురించో ఎవరైనా అభిప్రాయ సేకరణ అంటే మనం ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. జవాబివ్వనివాళ్ళను ఎట్లా లెక్కేస్తారు? అవును, కాదు, జవాబు లేదు అన్న మూడు అంకెలూ విడివిడిగా బయటపెడతారా? మన భాషలో, మనకు అర్థమయ్యే మాటల్లో ప్రశ్న ఉందా? కూలికి పిలిచే ఆసామికి మన జవాబు తెలియకుండా ఉంటుందా? అన్నిటికన్నా ముందు, ఇది అసలు ఓటుకు పెట్టాల్సిన విషయమేనా?

ఈ చివరి ప్రశ్నకు 'కాదు' అని జవాబొస్తే మిగతా లెక్కలతో పనే లేదు. జవాబు 'అవును' అయితే, శాతం ఎంతో తేల్చేటప్పుడే మనం అక్కడ కూర్చోవాలి. ఫారాలు పంచాక కాదు.