కదలని చేయి, వింటున్న మెదడు

"మా మాట వినబడుతోందా, డాక్టర్ గారూ?" తలకు తీవ్ర గాయమై ఐసీయూలో స్పృహ లేకుండా పడి ఉన్న రోగి బంధువులు పదే పదే అడిగే ప్రశ్న ఇది. "వేలు కదపండి", "ఇటు చూడండి" అని చెప్పి, వచ్చిన స్పందనను బట్టి వైద్యులు స్పృహను అంచనా వేస్తారు. ఇందులో ఓ చిక్కుంది. మాట అర్థమైనా, మెదడు నుంచి కండరాలకు ఆజ్ఞ చేరే దారి దెబ్బతింటే వేలు కదలదు.

ఇక్కడే ఈఈజీ అక్కరకొస్తోంది. నాడీకణాల పనితీరు వల్ల పుట్టే విద్యుత్ మార్పులను తలపై అమర్చిన ఎలక్ట్రోడ్లు నమోదు చేస్తాయి. ఇవి వోల్టులో పది లక్షల వంతు స్థాయిలో ఉండే అతి సూక్ష్మ సంకేతాలు. జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో వీటిని మనిషిలో తొలిసారి నమోదు చేశారు. ఎంఆర్ఐ యంత్రం దగ్గరికి రోగిని తీసుకెళ్లాలి. ఈఈజీ పరికరాన్ని మంచం దగ్గరికే తెచ్చుకోవచ్చు.

పరీక్షలో "కుడిచేతిని తెరుస్తూ మూస్తూ ఉండండి", ఆపై "ఆపండి" అని మార్చి మార్చి వినిపిస్తారు. రెండు సందర్భాల్లోని తరంగాల మధ్య స్థిరమైన తేడా ఉందేమో కంప్యూటర్ ప్రోగ్రాం వెతుకుతుంది. తేడా ఉంటే, చేయి కదలకపోయినా మెదడు ఆదేశాన్ని పాటిస్తోందని అర్థం.

అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఆదేశాలకు స్పందించని 104 మందిలో 16 మంది మెదడులో ఈ జాడ కనిపించింది. ఏడాది తర్వాత చూస్తే, వీరిలో 44 శాతం మంది రోజుకు కనీసం 8 గంటలు ఎవరి తోడూ లేకుండా ఉండగలిగే స్థాయికి కోలుకున్నారు. జాడ కనిపించని వారిలో ఇది 14 శాతమే.

2024లో వెలువడిన మరో అధ్యయనంలో ఈఈజీ, ఫంక్షనల్ ఎంఆర్ఐలతో పరీక్షించగా, పైకి స్పందన లేని 241 మందిలో 60 మంది మెదడు ఆదేశాలను అందుకున్నట్లు తేలింది. అదే అధ్యయనం ఓ హెచ్చరిక కూడా చేసింది. మంచం దగ్గర స్పష్టంగా స్పందించిన 112 మందిలో కూడా 43 మందిలోనే ఈ పరీక్షలు జాడను పట్టుకోగలిగాయి. అంటే జాడ దొరికితే అది బలమైన ఆధారమే. దొరకనంత మాత్రాన స్పృహ లేదని తేల్చేయలేం.

కోలుకునే ఆశ లేని రోగులకు కొన్ని షరతులతో ప్రాణాధార చికిత్సను ఉపసంహరించడానికి మన సుప్రీంకోర్టు 2018లో అనుమతించింది. అంతటి నిర్ణయానికి ముందు ఆ ఆశ ఉందో లేదో నిర్ధారించుకోవడం ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. ఈలోగా, రోగి పక్కన మాట్లాడేటప్పుడు ఆయన వింటున్నారనే అనుకోవడం మంచిది.