వడ్డించేవాళ్లు లేని బంతి

మండల కేంద్రాల్లో ఉద్యోగుల విందుకు ఒక పద్ధతి ఉంటుంది. ఒకరికి బదిలీ అవుతుంది, ఇంకొకరికి ప్రమోషన్ వస్తుంది, పెద్దసారు రిటైరవుతారు. తలా కొంత వేసుకుని, ఆదివారమో రెండో శనివారమో చూసుకుని, వ్యాను మాట్లాడుకుని బయలుదేరతారు. కలువాయిలో తహసీల్దారు కార్యాలయం, మండల పరిషత్తు, బళ్లు, బ్యాంకు, సచివాలయాలు అన్నీ కలిపితే ఇలాంటి సందర్భాలకు కొదవుండదు. టిఫినుకూ మీల్సుకూ ఊళ్లోనే హోటళ్లున్నా, బఫేకి పోదామనుకున్న రోజున బండి నెల్లూరు దారి పడుతుంది. ఆత్మకూరు, ఉదయగిరి వైపు వాళ్లదీ చాలావరకు అదే దారి.

దీనికి కారణం లెక్కలో ఉంది. బల్ల మీద ముప్ఫై నలభై రకాలు పెట్టాలంటే ప్రతి రకాన్నీ కనీసం ఒక పెద్ద గిన్నెడు వండాలి. తినేవాళ్లు పదిమందే అయితే ముప్పాతిక మిగిలిపోతుంది. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా జనం వస్తూనే ఉంటే తప్ప గిట్టుబాటు కాదు. అందుకే జాతీయ రహదారి, ఆస్పత్రులు, వ్యాపారం, లాడ్జీలు ఒకచోట చేరిన జిల్లా కేంద్రంలోనే ఈ బల్లలు నిలబడతాయి.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫర్వాలేదని సామెత. బంతి భోజనంలో తినే తీరంతా వడ్డించేవాళ్ల చేతిలో ఉంటుంది. పచ్చడి, కూర, పప్పు, నెయ్యి, పులుసు, చారు, చివరికి మజ్జిగ, అన్నీ వరస తప్పకుండా వస్తాయి. విస్తరి ముందు కూర్చున్నవాడు చాలనుకుంటే చెయ్యి అడ్డం పెడితే సరిపోతుంది. బఫేలో ఆ పని మొత్తం తినేవాడి మీద పడింది. ఏది తినాలి, ఎంత, ఏ వరసలో, ఎప్పుడు ఆపాలి అన్నది అతనే తేల్చుకోవాలి. అదీ ఆకలి మీద, కమ్మటి వాసనల మధ్య, పక్కవాళ్లతో మాట్లాడుతూ తేల్చుకోవాలి.

ఒకే ధరకు ఎంతైనా తినవచ్చన్నది తెలుగువాళ్లకు కొత్త కాదు. ఫుల్ మీల్స్ హోటళ్లన్నీ అలా బతికినవే. ఢిల్లీ ఆంధ్రభవన్ క్యాంటీనుకు పేరు తెచ్చిందీ ఆ పద్ధతే. తక్కువ తినేవాడి డబ్బు ఎక్కువ తినేవాడికి సర్దుబాటవుతుంది. కాకపోతే మీల్సులో మారు వడ్డించేవి అన్నం, పప్పు, సాంబారు. చేప వేపుడు కావాలంటే స్పెషల్ కింద విడిగా బిల్లు పడుతుంది. బఫేలో చేపా మాంసమూ కూడా అదే ధరలో ఉంటాయి. కనుక హోటలువాళ్లు సాధారణంగా సూపు, సలాడు, రొట్టెలు, నూడుల్స్ లాంటివి ముందు తగిలేలా అమరుస్తారు. మాంసం గిన్నెల దాకా వచ్చేసరికి ప్లేటు సగం నిండి ఉంటుంది.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో తెలిపే ఉదాహరణ రొయ్యలదే. అమెరికాలోని రెడ్ లాబ్‌స్టర్ రెస్టారెంట్లు 2023లో 20 డాలర్లకు తిన్నన్ని రొయ్యలు పెట్టే పథకాన్ని ఏడాది పొడుగునా ఉండేలా మార్చాయి. అంతకుముందు అది కొన్నాళ్లపాటే ఉండే పథకం. జనం విరగబడి వచ్చారు. ఆ ఏడాది ఒక్క త్రైమాసికంలోనే సంస్థకు 1.1 కోట్ల డాలర్ల నష్టం వచ్చిందని దాని వాటాదారు థాయ్ యూనియన్ ప్రకటించింది. 2024 మేలో రెడ్ లాబ్‌స్టర్ దివాలా పిటిషన్ వేసింది. భవనాల అద్దెల భారం లాంటి వేరే కారణాలూ ఉన్నాయి గానీ, ఆ రొయ్యల పథకం పేరు మాత్రం అమెరికా అంతటా మోగింది. నెల్లూరు జిల్లావాళ్లు తెలుసుకోవాల్సిన కథ ఇది. 2009లో వనామీ రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చాక మన తీరం చెరువుల్లో టైగర్ రొయ్య స్థానంలోకి వనామీయే వచ్చింది. మన దేశపు రొయ్యను ఎక్కువగా కొనేది అమెరికాయే.

బఫే పుట్టిల్లు యూరప్. స్వీడన్‌లో భోజనానికి ముందు చిన్న బల్ల మీద రొట్టె, వెన్న, జున్ను, చేప పెట్టుకుని నిలబడి తినే అలవాటు 18వ శతాబ్దంలోనే ఉంది. అది పెరిగి పెద్దదై స్మోర్గస్‌బోర్డ్ అయింది. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో అమెరికన్లు దాన్ని రుచి చూశారు. 1940లలో లాస్ వేగాస్‌లోని ఎల్ రాంచో వేగాస్ హోటలు ఒక్క డాలరుకు తిన్నంత పెట్టింది. జూదం ఆడేవాళ్లు తిండి కోసం బయటికి పోకూడదన్నది దాని ఆలోచన. 1958లో టోక్యో ఇంపీరియల్ హోటలు ‘వైకింగ్’ పేరుతో ఇదే మొదలుపెట్టింది. జపాన్‌లో ఈనాటికీ బఫేను వైకింగ్ అని అంటారు.

ఇక పొట్ట సంగతి. పరిశోధకురాలు బార్బరా రోల్స్ బృందం 1981లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. తినేవాళ్లకు ఒకే రకం శాండ్‌విచ్‌లు గానీ, నాలుగు రకాలవి గానీ పెట్టారు. నాలుగు రకాలు దొరికినప్పుడు మూడోవంతు ఎక్కువ తిన్నారు. తినేకొద్దీ ఆ రుచి మీద మోజు తగ్గుతుంది, ఇంకా తినని రుచి మీద తగ్గదు. బిరియానీ ఇక వద్దనుకున్నవాడి చెయ్యి మలై ఖాజా దగ్గరికి చక్కగా వెళ్లడానికి కారణం ఇదే. ఇంట్లో రెండు కూరలతో తినేటప్పుడు ఈ గుణం మనకు అడ్డురాదు. నలభై గిన్నెల ముందు నిలబడ్డప్పుడే అసలు పరీక్ష.

సహోద్యోగుల సంగతి ఇంకా ఆసక్తికరం. జాన్ డి కాస్ట్రో అనే పరిశోధకుడు జనం రాసిపెట్టుకున్న తిండి వివరాలను పరిశీలించి 1992లో కొన్ని అంకెలు ఇచ్చాడు. ఒంటరిగా తిన్న పూటతో పోలిస్తే పక్కన ఒక్క మనిషి ఉన్న పూట 33 శాతం, ఏడుగురు అంతకన్నా ఎక్కువమంది ఉన్న పూట 96 శాతం ఎక్కువ తిన్నట్టు తేలింది. తోడు ఉంటే భోజనం ఎక్కువసేపు సాగుతుంది, సాగినకొద్దీ లోపలికి పోయేదీ పెరుగుతుంది. పండగలూ వేడుకలూ అసలే మందితో జరుగుతాయి కాబట్టి ఆ అంకె మొత్తం తోడు వల్లనే అనలేం. అయినా కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుందని తెలిసినవాళ్లు, మొదటి ప్లేటు చిన్నదిగా తీసుకుని కబుర్లు చెప్పుకుంటూ తింటే ఆ ఇరవై నిమిషాలూ తేలిగ్గా గడిచిపోతాయి.

అనుభవమున్నవాళ్లు ప్లేటు పట్టకముందే బల్ల చుట్టూ ఒకసారి తిరిగొస్తారు. ఏ గిన్నెలో ఏముందన్నది ఒకటి, ఏ వంట ఆ గిన్నెలో నిలబడుతుందన్నది ఇంకొకటి చూసుకోవాలి. హోటలువాళ్లు చేఫింగ్ డిష్ అనే ఆ పెద్ద పాత్రకు కింద నీళ్ల తొట్టి, దాని కింద మండే జెల్ డబ్బా ఉంటాయి. నీటి ఆవిరి కూరను వేడిగా ఉంచుతుంది. మూత లోపల పట్టిన తడి మళ్లీ కూరలోకే చుక్కలుగా పడుతుంది. అందుకే వేపుళ్లు, బజ్జీలు, పకోడీలు పావుగంటలో మెత్తబడిపోతాయి. అన్నం అంచులు ఎండుతాయి. దోశను అందులో పెట్టలేరు కనుకే అప్పటికప్పుడు వేసిచ్చే లైవ్ కౌంటర్ కావాలి. పప్పు, గుత్తివంకాయ, గోంగూర మాంసం మాత్రం అక్కడ చెడవు. అన్నిటికన్నా బాగా నిలిచేది పులుసు. చింతపండు, మామిడికాయ ముక్కలు పడ్డ నెల్లూరు చేపల పులుసు వండిన పూటకన్నా ఊరినాక రుచి. ఆ పులుసు పెట్టకుండా మంచూరియాలూ పాస్తాలూ పేర్చే నెల్లూరు బఫే తన చేతిలో ఉన్న మంచి వంటను వదులుకున్నట్టే.

వేడి రుచికే కాదు, ఆరోగ్యానికీ అవసరం. వేడి పదార్థాలు 60 డిగ్రీల సెల్సియస్ పైన, చల్లనివి 5 డిగ్రీల లోపు ఉండాలనీ, వండినదాన్ని మామూలు వేడిమిలో రెండు గంటలకు మించి వదలకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావకుండా మిగలవచ్చు. గోరువెచ్చగా వదిలేస్తే అవి పెరిగి వాంతులు తెప్పిస్తాయి. మూత తీసినప్పుడు ఆవిరి రాని గిన్నెను, ఐసు లేకుండా పెట్టిన పెరుగు పదార్థాన్ని వదిలెయ్యడం మంచిది. కింద జెల్ ఆరిపోయిందని చెబితే సిబ్బంది వెంటనే మారుస్తారు.

పారబోసే ప్లేటు సంగతికొస్తే, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్క ప్రకారం 2022లో ప్రపంచం 105 కోట్ల టన్నుల ఆహారాన్ని వృథా చేసింది. అందులో 28 శాతం హోటళ్లు, క్యాంటీన్లది. నార్వేలో 52 హోటళ్లలో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనం చాలా సులువైన మందు కనిపెట్టింది. ప్లేట్ల సైజు తగ్గించిన చోట వృథా 19.5 శాతం తగ్గింది. ఎన్నిసార్లయినా రావచ్చని చిన్న బోర్డు పెట్టిన చోట 20.5 శాతం తగ్గింది. తిరిగి రావచ్చన్న భరోసా ఉంటే మనిషి ఒకేసారి పోగు చేసుకోడు. మన పెళ్లి బఫేల్లోనూ ఆ బోర్డు పెట్టవచ్చు, ఖర్చేమీ లేదు. దున్ని నీళ్లు పెట్టి, నాటి, కోసి, నూర్చి ధాన్యం అమ్ముకునే పల్లెల నుంచి వచ్చినవాళ్లకు, నిమ్మతోటల్లో నెలల తరబడి కాపుకోసం చూసినవాళ్లకు, సగం తిన్న ప్లేటు తొట్టిలో పడటం చూడాలంటే మనసొప్పదు.

ఇన్ని జాగ్రత్తలున్నా సహోద్యోగుల విందుకు బఫేను మించింది దొరకడం కష్టం. ఒకరు శనివారం మాంసం ముట్టరు, ఒకరు మాలలో ఉంటారు, ఇంకొకరికి షుగరు. ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ముస్లిం మిత్రుడు హలాలా కాదా అని ముందే ఫోన్ చేసి కనుక్కుంటాడు. బల్ల దగ్గర ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు, ఎవరిది వాళ్లు తెచ్చుకుని ఒకే చోట కూర్చుంటారు. ఆఫీసులో ఫైళ్లు మోసే అటెండరు, వాటి మీద సంతకం చేసే అధికారి ఒకే లైనులో ప్లేట్లు పట్టుకుని నిలబడతారు. ముందున్న అటెండరు గరిటె వెనక్కి అందిస్తే అధికారి అందుకుంటాడు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినవాళ్ల మధ్య ఇది చిన్న విషయం కాదు. కాకపోతే శాకాహారం గిన్నెల్లో మాంసం గరిటె పడకుండా చూసుకోవడం అందరి బాధ్యత.

చివరికి తలా ఎంతో లెక్క వేసేటప్పుడు మెనూ ధర ఒక్కటే చూసుకుంటే డబ్బులు తక్కువ పడతాయి. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్లలోని రెస్టారెంట్లలో 18 శాతం. సర్వీస్ చార్జీ మాత్రం పన్ను కాదు. దాన్ని బిల్లులో దానంతట అది కలిపెయ్యకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. ఇష్టముంటే టిప్పు ఇవ్వవచ్చు. అడగకుండా కలిపితే తీసెయ్యమని చెప్పవచ్చు, వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యవచ్చు.